తొలి శ్రోతలు, మలి రికార్డులు

ఒక సంగీత బృందం పేరు మార్చుకోకుండా పాట తీరు మార్చుకున్నప్పుడు, ఆ పేరును ఏళ్ల తరబడి నమ్ముకున్న శ్రోతలకూ, కొత్త పాట ద్వారానే ఆ పేరు మొదటిసారి విన్న శ్రోతలకూ మధ్య తగవు రేగడం రాక్ సంగీత చరిత్రలో అరుదు కాదు. 1967లో ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతంలో, చార్టర్‌హౌస్ అనే ఆవాస పాఠశాల విద్యార్థుల మధ్య పుట్టి, 2022 మార్చి 26న లండన్‌లోని ఓ2 అరీనాలో చివరి కచేరీ చేసిన జెనెసిస్ బృందం విషయంలో ఆ తగవు నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది, బృందం ఆగిపోయినా తగవు ఆగలేదు. 1972లో 23 నిమిషాల రచన చేసిన బృందమే 1986లో మూడున్నర నిమిషాల పాటతో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరడం దానికి మూలం. ఆ ప్రయాణాన్ని ఒక పక్షం లొంగుబాటు అంటుంది, మరొక పక్షం ఎదుగుదల అంటుంది. ఈ రెండు తీర్పుల్లో ఏదీ జరిగినదాన్ని సరిగ్గా పట్టుకోలేదనీ, పోయినదేదో పోయిందని తొలి శ్రోతలు గుర్తించడంలో పొరపాటు లేకపోయినా, అది ఎందుకు పోయిందో, ఎవరివల్ల పోయిందో వారు చెప్పే కథ మాత్రం నిలవదనీ ఆ రికార్డులను వరసగా విన్నప్పుడు తెలుస్తుంది.

తొలి దశ జెనెసిస్ ప్రోగ్రెసివ్ రాక్ అనే ధోరణికి చెందినది. గిటార్, డ్రమ్స్, ఆర్గన్ వంటి రాక్ వాద్యాలనే వాడుతూ, నిర్మాణాన్ని మాత్రం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని బహుభాగ రచనల నుంచి తెచ్చుకుని, కథను చెప్పే ఓపికతో పాటను విస్తరించిన సంగీతానికి 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో స్థిరపడిన పేరు అది. గాయకుడు పీటర్ గేబ్రియల్, కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్, బాస్ గిటార్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్ పాఠశాల నాటి సహచరులు. 1970లో డ్రమ్స్ వాయించడానికి ఫిల్ కాలిన్స్, 1971లో గిటార్ వాయించడానికి స్టీవ్ హ్యాకెట్ వచ్చి చేరడంతో, తొలి శ్రోతలు ఈనాటికీ అసలైన జెనెసిస్‌గా భావించే ఐదుగురి కూర్పు ఏర్పడింది. 'నర్సరీ క్రైమ్' (1971), 'ఫాక్స్‌ట్రాట్' (1972), 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' (1973), రెండు రికార్డుల నిడివి గల కథాగేయం 'ద ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' (1974) ఆ ఐదుగురూ కలిసి చేసినవి.

వీటన్నిటిలో 'ఫాక్స్‌ట్రాట్' రెండో వైపును దాదాపు పూర్తిగా ఆక్రమించిన 'సపర్స్ రెడీ' తొలి శ్రోతలకు కొలబద్ద వంటిది. ఏడు భాగాలుగా సాగే ఆ రచన ఒక ఇంటిలోని జంట దగ్గర నిదానంగా మొదలై, చిత్రవిచిత్రమైన మలుపులు తిరిగి, బైబిల్ చివరి గ్రంథంలోని ప్రళయ దృశ్యాల దాకా వెళ్లి, మొదట్లో మెత్తగా వినిపించిన రాగాన్ని చివర్లో మహోన్నతమైన స్థాయిలో మళ్లీ వినిపించి ముగుస్తుంది. ఆ రాగం తిరిగివచ్చే చోట శ్రోతకు ఒళ్లు గగుర్పొడవడానికి కారణం ఆ స్వరాల కూర్పు ఒక్కటే కాదు, మధ్యలో శ్రోత గడిపిన ఇరవై నిమిషాలు కూడా. చివరి భాగాన్ని మాత్రమే విడిగా వినిపిస్తే అది గంభీరంగా ఉంటుంది గానీ కంట తడి పెట్టించదు. ఈ తరహా సంగీతంలో శ్రోత నిరీక్షణ కూడా రచనలో ఒక భాగమే. తొలి జెనెసిస్ ప్రత్యేకతను వర్ణించడానికి గేబ్రియల్ వేషధారణ, కథల వింతదనం, తాళాల క్లిష్టత వంటివి ఎన్ని చెప్పినా, శ్రోత ఓపికను ముడిసరుకుగా వాడుకోగలగడమే ఆ బృందం అసలు విద్య అనక తప్పదు.

అయితే ఆ విద్య వ్యాపారానికి వెలుపల పుట్టిందనుకోవడం పొరపాటు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కొంచెం అటూ ఇటూ సంగీతాన్ని పట్టుకోగలదు కాబట్టి, దీర్ఘగీతం కొలత కూడా అక్కడే ఆగింది. ఆ రికార్డును కొని ఇంట్లో కూర్చుని వినగల విద్యార్థి శ్రోతలు, వారి ముందు కచేరీలు పెట్టే విశ్వవిద్యాలయాలు, అమ్మకాలు అంతంతమాత్రంగా ఉన్నా బృందాన్ని వదులుకోని కరిస్మా సంస్థ అధిపతి టోనీ స్ట్రాటన్-స్మిత్ ఉండబట్టే ఆ సంగీతం నిలబడింది. స్వదేశంలో పెద్దగా పట్టించుకోని రోజుల్లోనే 'నర్సరీ క్రైమ్' ఇటలీ అమ్మకాల పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లిందంటే, దీర్ఘమైన, నాటకీయమైన పాటకు కూడా ఒక బజారు ఉండేదనే అర్థం. అంతకన్నా వెనక్కి వెళితే, 1968లో ఈ బృందం విడుదల చేసిన మొట్టమొదటి పాట 'ద సైలెంట్ సన్' నిర్మాత జొనాథన్ కింగ్‌ను మెప్పించడానికి బీ జీస్ బాణీలో కట్టిన చిన్న ప్రేమపాట. కాబట్టి అమ్ముడుపోయే చిన్నపాట 1980లలో బయటి నుంచి వచ్చి జెనెసిస్‌ను చెడగొట్టిన రోగం కాదు, ఆ బృందం పుట్టుకలోనే ఉన్న కోరిక.

తొలి శ్రోతల కథనంలో దోషి ఫిల్ కాలిన్స్. 1975లో గేబ్రియల్ బృందాన్ని విడిచిపెట్టాక, కొత్త గాయకుడి కోసం ఎంతో వెతికి ఎవరూ కుదరక డ్రమ్స్ వాద్యకారుడైన కాలిన్స్‌నే పాడించడంతో పతనం మొదలైందనీ, తర్వాత ఆయన సొంతంగా సాధించిన విజయాలు బృందాన్ని మింగేశాయనీ ఆ కథనం చెబుతుంది. కాని కాలిన్స్ పాడిన మొదటి రెండు రికార్డులు, 1976లో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్', 'విండ్ అండ్ వదరింగ్', పాత పద్ధతిలోనే దీర్ఘంగా, వాద్యప్రధానంగా సాగాయి. వాటిలో మొదటిది అంతకుముందు వచ్చినవాటి కంటే బాగా అమ్ముడైంది కూడా. ఆ రోజుల్లో కాలిన్స్ తీరిక దొరికితే బ్రాండ్ ఎక్స్ అనే బృందంలో జాజ్, రాక్ కలగలిసిన వాద్యసంగీతం వాయించేవాడు. పాటను కుదించాలనే తొందర ఆయనకు పుట్టుకతో వచ్చినదేమీ కాదు. 1978లో బ్రిటన్‌లో ఏడో స్థానానికి చేరి బృందానికి తొలి పెద్ద విజయం తెచ్చిన 'ఫాలో యూ ఫాలో మీ' ప్రేమపాట సాహిత్యం రూథర్‌ఫర్డ్‌ది. 1986 నాటి విజయగీతాల్లో కూడా 'ల్యాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్', 'త్రోయింగ్ ఇట్ ఆల్ అవే' పాటల సాహిత్యం ఆయనదే. మార్పుకు ముఖం కాలిన్స్‌ది కావచ్చు, చేతులు ముగ్గురివీ.

హ్యాకెట్ కూడా 1977లో వెళ్లిపోయి ముగ్గురే మిగిలాక వచ్చిన మార్పును అర్థం చేసుకోవడానికి 1980 నాటి 'డ్యూక్' రికార్డును మించిన సాధనం లేదు. బ్రిటన్‌లో జెనెసిస్‌కు మొదటి స్థానం తెచ్చిన తొలి రికార్డు అది. అందులో వేర్వేరు చోట్ల వినిపించే ఆరు భాగాలు నిజానికి అరగంట నిడివి గల ఒకే రచనగా రూపుదిద్దుకున్నాయి. దాన్ని అలాగే విడుదల చేస్తే 'సపర్స్ రెడీ'తో పోల్చి తూకం వేస్తారన్న సంకోచంతో బృందం దాన్ని విడదీసి రికార్డు పొడవునా పరిచింది. ఆ ఏటి కచేరీల్లో మాత్రం భాగాలన్నిటినీ వరసగా కలిపి వాయించింది. అలా విడదీసిన ముక్కల్లో ఒకటి 'టర్న్ ఇట్ ఆన్ అగైన్', బ్రిటన్‌లో ఎనిమిదో స్థానానికి చేరిన పాట. రేడియోలో విన్నవారికి అది సూటిగా దూసుకుపోయే పాటే గాని, కాలుతో తాళం వెయ్యబోతే మాత్రం అడుగు తప్పుతుంది, ఎందుకంటే దాని ఆవర్తం పదమూడు మాత్రలు. ఆరు లెక్కపెట్టాక మిశ్రచాపు లాగా ఏడు వస్తాయి. ఆనాటి శ్రోతలు కోట్లకొద్దీ వినే రేడియోలో పదమూడు మాత్రల ఆవర్తం ఎవరికీ అడ్డు తగలకుండా దాటుకుపోయింది.

అదే రికార్డులోని 'డచెస్' పాట ఒక గాయని కథ. జనాన్ని ఉర్రూతలూగించిన రోజులూ, అదే జనం ఆమెను విడిచిపెట్టిన రోజులూ అందులో ఉన్నాయి. శ్రోతలకూ గాయకులకూ ఉండే ఒడంబడిక ఎంత బలహీనమైనదో తమ ప్రస్థానం మలుపు తిరుగుతున్న క్షణంలోనే ఆలోచించిన బృందాన్ని, శ్రోతల్ని పట్టించుకోకుండా డబ్బు వెంట పోయిందని అనడం న్యాయం కాదు. పైగా ఆ పాట ఆరంభం డ్రమ్ మెషీన్‌తో, అంటే తాళాన్ని తనంత తానుగా వాయించే ఎలక్ట్రానిక్ పెట్టెతో సాగుతుంది. తర్వాతి దశాబ్దమంతా ఏ యంత్రాన్ని తొలి శ్రోతలు తప్పుపట్టారో, ఆ యంత్రం ఇక్కడ ఆ గాయని ఒంటరితనానికి గుండెచప్పుడై నిలుస్తుంది.

1981లో వచ్చిన 'అబకాబ్' దగ్గర తగవు బహిరంగమైంది. సర్రీలోని చిడ్డింగ్‌ఫోల్డ్ గ్రామం దగ్గర ఒక పొలాన్ని కొని కట్టుకున్న సొంత స్టూడియో, ద ఫార్మ్‌లో చేసిన మొదటి రికార్డు అది. తమ పాత రచనల్లా వినిపించినదాన్నల్లా పక్కన పెట్టాలని ముగ్గురూ నిశ్చయించుకుని పనిచేశారు. ఎర్త్ విండ్ అండ్ ఫైర్ అనే అమెరికా బృందపు ఊదువాద్యకారులను పిలిపించి ఒక పాటలో వాయింపజేశారు. ఆ ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కొత్త పాటలు వాయిస్తుండగా శ్రోతలు అరిచి నిరసన తెలిపారని బృంద సభ్యులే తర్వాత చెప్పుకున్నారు. ఈ ఘట్టాన్ని డబ్బు కోసం పడిన పాట్లుగా చదవడం తేలిక. అయితే తమను పోషిస్తున్న శ్రోతలు ముందే ఒప్పుకున్న బాణీని చేజేతులా వదులుకోవడం వ్యాపార దృష్టితో చూస్తే ప్రమాదకరమైన పని. పాత మూసలో మరో రెండు రికార్డులు చేసి ఉంటే లైడెన్‌లో ఎవరూ అరిచేవారు కాదు. అలవాటుపడిన శ్రోతలకు అలవాటైనదే అమ్మడం కూడా వ్యాపారమే, బహుశా అన్నిటికన్నా నిలకడైన వ్యాపారం.

మలి దశ ధ్వని ఎక్కడి నుంచి వచ్చిందో పరిశీలిస్తే కళకూ అంగడికీ మధ్య తొలి శ్రోతలు గీసిన గీత ఇంకా చెరిగిపోతుంది. 1980ల పాటలన్నిటికీ ముద్రలాగా నిలిచిన డ్రమ్స్ మోతను సంగీత సాంకేతికులు గేటెడ్ రివర్బ్ అంటారు. గదిలో డ్రమ్ ప్రతిధ్వనిని విపరీతంగా పెంచి, అది సహజంగా సన్నగిల్లకముందే ఎలక్ట్రానిక్ తలుపు ఒకటి ఠక్కున మూసినట్టు కోసెయ్యడం ఆ పద్ధతి. దెబ్బ పెద్ద గుహలో పడినట్టూ వినిపిస్తుంది, మరుక్షణం గుహే లేనట్టూ వినిపిస్తుంది. ఇది పుట్టింది ఏ విజయగీతంలోనూ కాదు. లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో, జెనెసిస్‌ను వదిలివెళ్లిన గేబ్రియల్ తన మూడో సొంత రికార్డును చేస్తూ, డ్రమ్స్‌తో పాటు మోగించే సింబల్స్ వాడకూడదని డ్రమ్స్ వాద్యకారులకు కట్టడి చేశాడు. ఆ రికార్డులోని 'ఇన్‌ట్రూడర్' అనే భీతావహమైన పాటకు డ్రమ్స్ వాయించినవాడు కాలిన్స్, ఆ మోతను పట్టుకున్న ఇంజనీరు హ్యూ ప్యాడ్గమ్. 1980లో ఆ ధ్వని వింతల్లోకెల్లా వింత. మరుసటి ఏడాది కాలిన్స్ పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' ద్వారా అది ఇంటింటికీ చేరింది. ప్యాడ్గమ్ జెనెసిస్‌తోనూ పనిచేసి 1983, 1986 రికార్డులకు సహనిర్మాత అయ్యాడు. తొలి శ్రోతలు సాహసవంతుడని కొనియాడిన గేబ్రియల్ ప్రయోగశాలలోనే, వారు చౌకబారు అని ఈసడించిన ధ్వని తయారైంది.

1986 వేసవి ఈ కథకు నడిబొడ్డు. జూన్‌లో విడుదలైన 'ఇన్‌విజిబుల్ టచ్' రికార్డులోని ఐదు పాటలు అమెరికా పట్టికలో మొదటి ఐదు స్థానాల లోపలికి వెళ్లాయి; అంతకుముందు ఏ బృందానికీ ఒకే రికార్డుతో అది సాధ్యపడలేదు. శీర్షిక పాట జులైలో మొదటి స్థానానికి చేరింది, జెనెసిస్ చరిత్రలో ఆ దేశంలో దక్కిన ఒకే ఒక్క ప్రథమ స్థానం అది. వారం తిరిగేసరికి దాన్ని కిందికి దించిన పాట గేబ్రియల్ 'స్లెడ్జ్‌హామర్'. అదే ఏడాది హ్యాకెట్, యెస్ బృందపు పూర్వ గిటార్ వాద్యకారుడు స్టీవ్ హౌతో కలిసి పెట్టిన జీటీఆర్ బృందం పాట ఒకటి అదే పట్టికలో పద్నాలుగో స్థానానికి వచ్చింది. అంటే తొలి శ్రోతలు ఆరాధించిన ఐదుగురూ, వెళ్లినవారూ ఉన్నవారూ, ఒకే వేసవిలో ఒకే దేశపు రేడియోలో, చిన్నపాటలతోనే వినిపించారు. ఆ శ్రోతల నిష్ఠూరం మాత్రం జెనెసిస్ అనే పేరు మోస్తున్న ముగ్గురి మీదే పడింది.

ఎందుకు? 'స్లెడ్జ్‌హామర్' మెంఫిస్ నగరపు పాత సోల్ పాటల ఊదువాద్యాల హోరుతో, శృంగార ధ్వనితో, నాట్యానికి అనువైన తాళంతో కట్టిన పాట. వ్యాపారం దృష్ట్యా అది 'ఇన్‌విజిబుల్ టచ్' కన్నా ఏమాత్రం తక్కువ లెక్క చూసుకున్నది కాదు. అయినా గేబ్రియల్‌ను ఎవరూ ద్రోహి అనలేదు. ఆయన 1975లో ఒక పేరును విడిచి తన సొంత పేరు మీద మళ్లీ మొదటి నుంచి లెక్క ప్రారంభించాడు, ఆ కొత్త పేరు ఎవరికీ ఏమీ బాకీ పడలేదు. బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్ పాత పేరును మోస్తూ కొత్త పాట పాడారు. తొలి శ్రోతల దృష్టిలో ఆ పేరు ముగ్గురు మనుషులకు చెందిన ఆస్తి కాదు. 'సపర్స్ రెడీ'ని వెనక్కి తిప్పి తిప్పి విన్న రాత్రుళ్లలో శ్రోతలు కూడా అందులో తమ వాటా జమచేసుకున్నారు. ఈ వాటా ఊహాజనితం కాదు. రచనలో నిరీక్షణ ఒక భాగమైనప్పుడు, నిరీక్షించినవారు రచనలో పాలుపంచుకున్నట్టే. అయితే ఆ హక్కు అప్పటికే పూర్తయిన రచన మీద వర్తిస్తుంది గాని, ఇంకా పుట్టని రచన మీద వర్తించదు.

తొలి శ్రోతల పక్షాన కూడా చెప్పవలసినది చాలా ఉంది, దాన్ని మలి శ్రోతలు తేలిగ్గా కొట్టివేస్తారు. హ్యాకెట్, రూథర్‌ఫర్డ్, బ్యాంక్స్ కలిసి పన్నెండు తంతుల గిటార్లను ఒకదాని మీద ఒకటి పరిచి అల్లిన వెన్నెల వంటి ధ్వని 1980లలో కనుమరుగైంది, దాని స్థానంలోకి వచ్చిన ఏ యంత్రస్వరమూ ఆ లోటు తీర్చలేదు. 'ఇన్‌విజిబుల్ టచ్' రికార్డులోని 'ఇన్ టూ డీప్' వంటి పాట ఎంత నైపుణ్యంతో కట్టినా మొదటి నిమిషంలోనే తన దగ్గర ఉన్నదంతా ఇచ్చేస్తుంది. మళ్లీ వింటే అదే దొరుకుతుంది, అదనంగా ఏదీ దొరకదు. శీర్షిక పాట అంతకన్నా మేలు, దానిలోని ఉత్సాహం నకిలీది కాదు, కాని అది శ్రోతను నిరీక్షించమని అడగదు. అన్నిటికన్నా బాధించేది 'టునైట్, టునైట్, టునైట్' గతి. రికార్డు మీద అది దాదాపు తొమ్మిది నిమిషాల పాట, మత్తు కోసం అల్లాడే మనిషి ఆర్తి, మధ్యలో వాద్యాలు ఊపిరి బిగపట్టినట్టు ముందుకు సాగే సుదీర్ఘ భాగం. సింగిల్‌గా, అంటే రేడియో కోసం విడిగా అమ్మే పాటగా, ఆ మధ్యభాగాన్ని కోసేసి సగానికి కుదించారు. తర్వాత ఆ పాటను బీరు ప్రకటనలో వాడారు. వ్యసనంలో కూరుకుపోయిన మనిషి గొంతును మద్యం అమ్మడానికి పెట్టడం దగ్గర తొలి శ్రోతల అభియోగం అక్షరాలా నిజమవుతుంది, దానికి ఏ సమర్థనా చాలదు.

అయినా అదే రికార్డులో ఆ ఐదు విజయగీతాల పక్కనే 'డామినో' ఉంది. టోనీ బ్యాంక్స్ సాహిత్యంతో రెండు భాగాలుగా పదిన్నర నిమిషాలు సాగే ఆ రచనలో, హోటల్ గదిలో ఒంటరిగా ఉన్న మనిషి నుంచి మొదలై, ఒక చర్య మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని కూలదోసుకుంటూ పోయే విధ్వంసం దాకా సంగీతం తనను తాను తవ్వుకుంటూ పోతుంది. 1983 రికార్డులో 'మామా' అనే పాట డ్రమ్ మెషీన్ దెబ్బల మీద, కాలిన్స్ వికృతమైన నవ్వు మీద నిలబడిన భయానక దృశ్యం. ఆ పాటను ఐదుగురి జెనెసిస్ చేసి ఉంటే గేబ్రియల్ సాహసానికి నిదర్శనంగా ఈపాటికి పుస్తకాలు వెలువడేవి. అదే రికార్డులోని 'హోమ్ బై ద సీ', దానికి కొనసాగింపుగా వచ్చే వాద్యభాగం కలిపి పదకొండు నిమిషాలు. సముద్రపు ఒడ్డు ఇంట్లో దొంగతనానికి దూరిన మనిషిని అక్కడి దయ్యాలు పట్టుకుని, తమ జీవితకథలు వింటూ శాశ్వతంగా కూర్చోమని ఆజ్ఞాపించడం అందులోని కథ. 1991లో వచ్చిన 'వుయ్ కాంట్ డాన్స్'లో బ్రిటన్ రైలుమార్గాలు తవ్విన కూలీల గురించి కాలిన్స్ రాసిన 'డ్రైవింగ్ ద లాస్ట్ స్పైక్' పది నిమిషాలు దాటుతుంది. జెనెసిస్ దీర్ఘగీతాన్ని ఎన్నడూ మానలేదు, దాన్ని రేడియో పాటల వెనక వరసకు జరిపింది. రేడియో పాట విని రికార్డు కొన్న కోట్లమందిలో ఎంతమంది ఆ వెనక వరస దాకా వెళ్లారనేదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్న బృందానికి వెయ్యవలసినది కాదు.

ఆ కాలపు ప్రసార సాధనాలు కూడా ఓపికకు చోటివ్వలేదు. 1981 ఆగస్టు 1న అమెరికాలో మొదలైన ఎంటీవీ పాటను చూసేదిగా మార్చింది. మూడు నాలుగు నిమిషాలు మించితే దృశ్యం పట్టు సడలుతుంది కాబట్టి, ఎల్పీ వైపు కొలతగా ఉన్న చోట టెలివిజన్ కొలత వచ్చి కూర్చుంది. 'ల్యాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్' పాటకు 'స్పిటింగ్ ఇమేజ్' అనే బ్రిటిష్ వ్యంగ్య కార్యక్రమంలోని బొమ్మలతో తీసిన దృశ్యం జనానికి గుర్తున్నంతగా ఆ పాట స్వరాలు గుర్తుండకపోవడం దీని పర్యవసానమే.

సంగీతకారుల మధ్య ఈ చీలిక ఎంతవరకు ఉందో 1982 అక్టోబర్ 2న మిల్టన్ కీన్స్‌లో తేలింది. ప్రపంచ దేశాల సంగీతాన్ని ఒకచోట వినిపించాలని గేబ్రియల్ తలపెట్టిన వోమాడ్ ఉత్సవం మొదటి ఏడాదే ఆయన్ను అప్పుల్లో ముంచితే, ఆ అప్పు తీర్చడానికి జెనెసిస్ ఆయనతో కలిసి వర్షంలో ఒక్కసారి కచేరీ చేసింది. చివర్లో హ్యాకెట్ కూడా వచ్చి వాయించాడు. 'అబకాబ్' చేసి ఏడాదే అయిన ఆ ముగ్గురు పాత పాటలన్నిటినీ గుర్తుతెచ్చుకుని, వెళ్లిపోయిన మిత్రుడి కోసం వాయించారు. తొలి శ్రోతలు తమ మనసులో వేరుచేసి పెట్టుకున్న రెండు జెనెసిస్‌ల మధ్య ఆ ఐదుగురికి ఎడం కనబడలేదు.

ఈ తగవు ఎంత ప్రసిద్ధమైందంటే, బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ 1991లో ప్రచురించిన 'అమెరికన్ సైకో' నవలలో ఒక అధ్యాయమంతా జెనెసిస్ గురించి. 'డ్యూక్'కు ముందున్న సంగీతం తనకు కొరుకుడుపడలేదనీ, 'ఇన్‌విజిబుల్ టచ్' మహత్తర రచన అనీ అందులో పొగిడేది ఒక హంతకుడు. ఆ వ్యంగ్యం తర్వాతి కాలంలో మలి జెనెసిస్‌ను ఇష్టపడినవారికి అన్యాయం చేసింది. పాటను సూటిగా ప్రేమించడమే ఆత్మలేని మనిషి లక్షణమన్నట్టు ఒక ముద్ర పడింది. 1986లో బడి ఈడు పిల్లలుగా రేడియోలో ఆ పాట విని, తర్వాత ఒక్కొక్క రికార్డే వెనక్కి వెళ్లి 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' దాకా నడిచిన శ్రోతలు కూడా ఎందరో ఉన్నారు, వారికి చిన్నపాట గుమ్మమైంది. వారికీ ఒక హద్దు ఉంది. 1996లో కాలిన్స్ వెళ్లిపోయాక రే విల్సన్ గొంతుతో 1997లో వచ్చిన 'కాలింగ్ ఆల్ స్టేషన్స్' చీకటి నిండిన పొడవైన పాటలతో పాత దారికి దగ్గరగా వచ్చినా, వారు దాని వెంట రాలేదు. అమెరికాలో తలపెట్టిన కచేరీ యాత్ర టికెట్లు అమ్ముడుపోక రద్దయింది. ప్రతి తరం శ్రోతకూ తాను లోపలికి వచ్చిన తలుపే సింహద్వారంగా తోస్తుంది.

ఈ విభజనను చివరికి బృందమే రికార్డుల మీద అచ్చువేసింది. చాలావరకు 1992 నాటి కచేరీలను 'ద వే వుయ్ వాక్' పేరుతో రెండు సంపుటాలుగా విడుదల చేస్తూ, మొదటిదానికి 'ద షార్ట్స్' అనీ, 1993 జనవరిలో వచ్చిన రెండోదానికి 'ద లాంగ్స్' అనీ ఉపశీర్షికలు పెట్టింది. పొట్టిపాటలు ఒక చోట, పొడుగుపాటలు ఇంకో చోట. బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది పొడుగుపాటల సంపుటం. అందులోని రచనలు చూస్తే 'డ్రైవింగ్ ద లాస్ట్ స్పైక్', 'డామినో', 'ఫేడింగ్ లైట్స్', 'హోమ్ బై ద సీ' అన్నీ 1983లోనూ ఆ తర్వాతా వచ్చినవి. దీర్ఘగీతాన్ని చంపారని నింద మోసిన ముగ్గురే వాటిని కట్టారు. ఐదుగురి కాలానికి అందులో దక్కిన చోటు ఒక్క మెడ్లీ మాత్రమే, అంటే వేర్వేరు పాటల్లోంచి ఏరిన ముక్కలను ఒకదానికొకటి అతికించిన వరస. ఒక ముక్క ముగిసీ ముగియకముందే మరొకటి అందుకుంటుంది, ప్రతిదీ పరిచితమే, ప్రతిదానికీ చప్పట్లు పడతాయి. కాని ఒక రాగం తిరిగిరావడానికి ముందు శ్రోత గడపవలసిన ఆ ఇరవై నిమిషాలు అందులో లేవు. తొలి శ్రోతల దుఃఖం 'ఇన్‌విజిబుల్ టచ్' పట్ల కన్నా ఆ మెడ్లీ పట్ల ఎక్కువ న్యాయమైనది.